వైరస్ అదుపులోనే ఉంది, మరి ఈ నొప్పులేమిటి?

హెచ్ఐవీ క్లినిక్‌లో డాక్టర్ ముందుగా చూసేది రెండు అంకెలు: వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో), సీడీ4 (వైరస్ దాడి చేసే రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో). రెండూ బాగుంటే "మందులు బాగా పనిచేస్తున్నాయమ్మా, ఇలాగే వాడండి" అని రాసిచ్చి పంపిస్తారు. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే ఆ మాట విని ఇంటికెళ్లిన స్త్రీ అరికాళ్ల మంటలతో తెల్లవార్లూ మేలుకుని ఉండొచ్చు. నడుం పట్టేసి పొద్దున్నే మంచం దిగలేకపోవచ్చు. ఆ బాధ ఏ రిపోర్టులోనూ కనపడదు. అడిగేవాళ్లుంటే తప్ప బయటికి రాదు.

నొప్పి మూడు నెలలు దాటినా పోకుండా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లలో ఎంతమందికి నొప్పి ఉంటోందని 2014లో ఒక సమీక్ష పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. ఒక్కో చోట ఒక్కో లెక్క వచ్చింది, 54 నుంచి 83 శాతం దాకా. ఎవరిని అడిగారు, ఎలా అడిగారు అన్నదాన్ని బట్టి ఈ తేడా. తక్కువ అంకెనే పట్టుకున్నా ఇద్దరిలో ఒకరి కన్నా ఎక్కువే. ప్రపంచంలో హెచ్ఐవీతో ఉన్నవాళ్లలో సగానికి పైగా స్త్రీలు, బాలికలే. అంటే మనం మాట్లాడుతున్నది ఏ కొద్దిమంది గురించో కాదు.

ఇలాంటి నొప్పి గురించి ఎవరు మాట్లాడినా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతారు: ఇది వైరస్ వల్ల వచ్చిందా, మాత్రల వల్లా, వయసు వల్లా, లేక టెన్షన్ వల్లా? ఏదో ఒకటి తేల్చేస్తే పని అయిపోతుందని ఆశ. నిజానికి చాలామంది స్త్రీలలో రెండు మూడు రకాల నొప్పులు ఒకేసారి ఉంటాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. అందుకని ఏ నొప్పికి ఆ నొప్పిని విడదీసి చూడటం దగ్గరే వైద్యం మొదలవ్వాలి.

అరికాళ్ల నుంచి పైకి పాకేది

హెచ్ఐవీకి తనదంటూ ఒక నొప్పి ఉందంటే అది నరాలదే. రెండు పాదాల్లోనూ ఒకే తీరుగా, వేళ్ల కొసల దగ్గర మొదలై నెమ్మదిగా చీలమండల దాకా వస్తుంది. మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, తిమ్మిర్లు, ఉండుండి కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. చిత్రమేమిటంటే ఒకే పాదంలో మంటా ఉంటుంది, మొద్దుబారడమూ ఉంటుంది. రాత్రి దుప్పటి అంచు తగిలితేనే ఓర్చుకోలేని మనిషికి, పగలు నడుస్తూంటే కాలి నుంచి చెప్పు జారిపోయిన సంగతి తెలియదు. చిన్న రాయి గుచ్చుకుని పుండు పడ్డా సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు గాని చూసుకోరు.

వైరస్ నేరుగా నరాల కణాల్లోకి దూరదు. దాని పైపొర మీద ఉండే జీపీ120 అనే ప్రొటీన్, వైరస్ సోకిన రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు కలిసి నరాలను దెబ్బతీస్తాయి. అన్నిటికన్నా పొడవైన నరాలకు ముందు దెబ్బ తగులుతుంది, అవి పాదాలకు వెళ్లే నరాలు. వయసు పైబడినవాళ్లకే కాదు, పొడగరులకు కూడా ఈ ముప్పు ఎక్కువని తేలింది.

దీనికి తోడు పాత మందుల బాకీ ఒకటుంది. స్టావుడిన్, డిడనోసిన్, జాల్సిటబిన్ అని మూడు మందులుండేవి. వీటిలో స్టావుడిన్ వాడకం చాలా ఎక్కువ. వైరస్ తన నకళ్లు తీసుకోకుండా ఆపడం వీటి పని. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంటుంది, దాన్ని నకలు తీసే ఎంజైమ్ పేరు పాలిమరేజ్ గామా. ఈ మందులు వైరస్‌తో పాటు ఆ ఎంజైమ్‌ను కూడా అడ్డుకున్నాయి. వెన్ను నుంచి కాలి వేలి దాకా సాగే నరానికి అంత దూరమూ శక్తి అందాలి. అది తగ్గేసరికి కొసలు ఎండిపోవడం మొదలైంది. స్టావుడిన్‌ను దశలవారీగా మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. చవగ్గా దొరికి, మందే లేని చోట్ల ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందు కూడా అదే, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ మందు మార్చినంత మాత్రాన పోయిన నరం తిరిగి రాలేదు. కొందరికి మంట తగ్గింది, చాలామందికి అలాగే మిగిలింది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. 2000ల తొలి ఏళ్లలో హెచ్ఐవీని అణచే మందుల చికిత్స, అంటే ఏఆర్‌టీ మొదలుపెట్టిన స్త్రీ ఇప్పుడు డోలుటెగ్రావిర్ అనే కొత్త తరం మందు వాడుతూ ఉంటుంది. ఫైలు మారి ఉంటుంది, క్లినిక్ మారి ఉంటుంది, పాత మందు పేరు ఇప్పటి డాక్టర్ ముందున్న కాగితంలో ఉండకపోవచ్చు. "మొట్టమొదట ఏ మాత్రలు వాడారు, కాళ్ల మంటలు ఎప్పటినుంచి?" అని అడిగితే సగం కథ అక్కడే తెలుస్తుంది.

కాళ్ల మంటలన్నీ హెచ్ఐవీ ఖాతాలో వేయడమూ పొరపాటే. టీబీకి లేదా టీబీ రాకుండా వాడే ఐసోనియాజిడ్ కూడా నరాలను దెబ్బతీస్తుంది, అందుకే దానితో బి6 విటమిన్ ఇస్తారు. షుగర్, బి12 లోపం, మద్యం కూడా ఇదే పని చేస్తాయి. ఇవి పట్టుకుంటే సరిచేయగలిగినవి. పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పాదం మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి కంపనం తెలుస్తోందా అని అడగడం, చీలమండ దగ్గర సుత్తితో తట్టి చూడటం, సూది మొన తాకించి చూడటం, అంతా కొన్ని నిమిషాల పని. పైగా సన్నని నరాలు మాత్రమే దెబ్బతిన్నప్పుడు నరాల యంత్ర పరీక్షలో అంతా నార్మల్ అని రావచ్చు. ఆ రిపోర్టు చూసి నొప్పి లేదనడం తప్పు.

నరాలది కానివి

కీళ్లు, నడుము, మెడ, తల. ఈ నొప్పులు హెచ్ఐవీ లేనివాళ్లకూ ఉంటాయి, ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కొందరు బరువు పెరుగుతారు, అది స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. ఆ బరువు మోకాళ్ల మీద పడుతుంది. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ అనే హెచ్ఐవీ మందు ఎముకల సాంద్రతను కొంత తగ్గిస్తుంది. నెలసరి ఆగిపోయే వయసు కూడా కలిసొస్తే ఎముకలకు రెండు వైపుల నుంచీ నష్టమే. ఆ వయసులో వచ్చే ఒళ్లునొప్పులు, నిద్రలేమి, ఒళ్లంతా వేడెక్కడం చూసి వైరస్ మళ్లీ విజృంభించిందేమోనని భయపడేవాళ్లున్నారు.

పొత్తికడుపు నొప్పిని మాత్రం వేరుగా చూడాలి. హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం లేనివాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ. 25 ఏళ్ల నుంచే వాళ్లకు ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను కనిపెట్టే హెచ్‌పీవీ పరీక్ష మొదలుపెట్టి మూడు నుంచి అయిదేళ్లకోసారి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కలయిక తర్వాత రక్తం కనపడటం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో తగ్గని నొప్పి ఉంటే నొప్పి మాత్ర వేసుకుని ఆగకూడదు. గజ్జల్లో మొదలై నడిస్తే ఎక్కువయ్యే నొప్పి తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుబడటం వల్ల కావచ్చు, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో దాని అవకాశం ఎక్కువ. సీడీ4 బాగా పడిపోయి ఉన్నప్పుడు కొత్తగా మొదలై రోజురోజుకీ పెరిగే తలనొప్పి మెదడు పొరల ఇన్ఫెక్షన్ కావచ్చు, అది అదే రోజు చూపించాల్సిన విషయం. దీర్ఘకాలిక నొప్పి ఉన్న మనిషికి వచ్చే అసలు ప్రమాదం ఇదే. పదేళ్లుగా "ఒళ్లు నొప్పులు" అంటున్న మనిషి కొత్త నొప్పి చెప్పినా పాత పాటే అనుకుంటారు.

గాయం కనపడని నొప్పి

కొందరిలో నరాల పరీక్షా బాగుంటుంది, కీళ్ల ఎక్స్‌రేలూ బాగుంటాయి, అయినా ఒళ్లంతా నొప్పి. ఇక్కడే "అంతా మీ మనసులో ఉంది" అనే మాట వస్తుంది. నొప్పిని తీసిపారేసే మాటల్లో దీన్ని మించింది లేదు.

నొప్పి కబురు నరాల వెంట వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు వెళ్తుంది. ఆ కబురు ఏళ్ల తరబడి వస్తూ ఉంటే వెన్నుపాములో, మెదడులో స్పందనే మారిపోతుంది. ఒకసారి దొంగలు పడిన ఇంట్లోవాళ్లు పిల్లి నడిచినా ఉలిక్కిపడి లేచినట్టు, మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. ఈ మార్పు కల్పన కాదు, నాడీ వ్యవస్థలో జరిగేదే. నరం దెబ్బతినడం, కండ లేదా కీలు దెబ్బతినడం కాక దీన్ని మూడో రకం నొప్పిగా గుర్తించారు. నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని అందులో చేర్చింది.

హెచ్ఐవీలో ఈ వ్యవస్థను రెచ్చగొట్టేవి చాలా ఉన్నాయి. వైరస్ అణిగి ఉన్నా ఒంట్లో పైకి కనపడని సన్నని వాపు పూర్తిగా చల్లారదు. ఇన్ఫెక్షన్ తొలి రోజుల్లోనే పేగు గోడలోని రోగనిరోధక కణాలు దెబ్బతింటాయి, ఆ దారిన పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారుతూ ఉంటాయి. నిద్ర సంగతి మరొకటి. ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు వాడినవాళ్లకు పీడకలలు, కలత నిద్ర బాగా తెలుసు. సరిగ్గా నిద్రపోని మనిషికి మర్నాడు నొప్పి ఎక్కువ తెలుస్తుంది, నొప్పి ఎక్కువైతే మళ్లీ నిద్ర పట్టదు. దిగులుకూ నొప్పికీ మధ్య దారి కూడా ఇలాగే రెండు వైపులా నడుస్తుంది.

మనిషి బతుకులో జరిగినవి కూడా ఇందులో కలుస్తాయి. అమెరికాలో హెచ్ఐవీతో ఉన్న స్త్రీల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2012లో విశ్లేషిస్తే, 55 శాతం మంది భర్త లేదా భాగస్వామి చేతిలో హింసకు గురైనవాళ్లే. దాదాపు 30 శాతం మందిలో గతంలోని భయానక అనుభవం తాలూకు ఒత్తిడి రుగ్మత ఉంది. హింస చూసిన దేహం ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటుంది, అలా ఉండే నాడీ వ్యవస్థకు నొప్పి తొందరగా అంటుకుంటుంది. ఇది తెలియకుండా మాత్రల డోసు పెంచుకుంటూ పోతే ఫలితం ఉండదు.

ఆడ, మగ దేహాల్లో నొప్పి పుట్టే దారే వేరు కావచ్చన్న ఆధారం కూడా 2015లో దొరికింది. నరం దెబ్బతిన్న మగ ఎలుకల్లో నొప్పిని నిలబెట్టేవి వెన్నుపాములోని మైక్రోగ్లియా కణాలు. ఆడ ఎలుకల్లో ఆ పని టీ కణాల వంటి రోగనిరోధక కణాలది. హెచ్ఐవీ దాడి చేసేది కూడా టీ కణాల మీదే కదా అని ఎవరికైనా తోచక మానదు. కానీ అది ఎలుకల సంగతి, అక్కడినుంచి మనుషుల హెచ్ఐవీకి గీత గీసేయడం తొందరపాటు. ఇందులో నాకు కొట్టొచ్చినట్టు కనపడింది వేరొకటి. అప్పటిదాకా నొప్పి ప్రయోగాలు చాలావరకు మగ ఎలుకల మీదే చేశారు.

నడుస్తోంది కదా, నొప్పేముంది

దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు కదలికలు లెక్కపెట్టే చిన్న పరికరాలు కట్టి చూశారు. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లు తక్కువగా కదులుతారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. నొప్పి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు ఒకేలా తిరుగుతున్నారు. బహుశా వాళ్ల గుండెదిటవు ఎక్కువేమోనని దాన్నీ కొలిచి చూస్తే, అదీ కారణం కాదని 2016లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది.

నొప్పి లేకనే కదా నడుస్తున్నారు అన్న లెక్క ఇక్కడ తప్పుతోంది. పని మానేస్తే గడవనివాళ్లు నొప్పితోనే పని చేస్తారు. పైగా మంచాన పడితే "ఏమైంది" అన్న ప్రశ్నలు మొదలవుతాయి. హెచ్ఐవీ సంగతి దాచుకున్న స్త్రీకి ఆ ప్రశ్నలు నొప్పి కన్నా భయం. అందుకని నీళ్లు మోస్తుంది, పిల్లల్ని ఎత్తుకుంటుంది, క్లినిక్‌కు నడిచే వస్తుంది. ఆమె నడకను బట్టి నొప్పిని అంచనా వేసే డాక్టర్ పొరబడతాడు. 1996లోనే అమెరికాలో ఎయిడ్స్ రోగుల మీద జరిగిన అధ్యయనంలో నొప్పి ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చాలినంత చికిత్స అందలేదని, స్త్రీలకు అందిన చికిత్స ఇంకా తక్కువని తేలింది.

2017లో అమెరికాలోని అంటువ్యాధి నిపుణుల సంఘం దీనికోసమే మార్గదర్శకాలు ఇచ్చింది. హెచ్ఐవీ ఉన్న ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడగమంది: పోయిన వారం ఒంట్లో నొప్పి ఎంత ఉంది? మూడు నెలలు దాటిన నొప్పి ఏదైనా ఉందా?

చెప్పని ఒక్క ముక్క

హెచ్ఐవీ క్లినిక్‌లో నొప్పి చెప్పుకోరు, ఎముకల డాక్టర్ దగ్గర హెచ్ఐవీ చెప్పుకోరు. ఈ రెండు మౌనాల మధ్య అసలైన ప్రమాదం ఉంది.

మోకాలి నొప్పికో భుజం పట్టేసినందుకో ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలే. ఆ మనిషి రిటోనావిర్ కలిసిన ఏఆర్‌టీ వాడుతుంటే సంగతి వేరు. స్టెరాయిడ్‌ను విరిచి బయటికి పంపే కాలేయంలోని ఎంజైమ్‌ను రిటోనావిర్ ఆపేస్తుంది. కీలులో వేసిన మందు వారాల తరబడి ఒంట్లో పేరుకుపోయి ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, అడ్రినల్ గ్రంథులు పనిచేయడం మానేస్తాయి. ఒక్క ఇంజెక్షన్‌కే ఇలా జరగొచ్చు. మైగ్రేన్‌కు వాడే ఎర్గోటమిన్‌ను రిటోనావిర్‌తో కలిపితే చేతులకు, కాళ్లకు రక్తం అందకుండా రక్తనాళాలు బిగుసుకుపోతాయి.

డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకు వేరే జాగ్రత్తలు. నరాల నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్ ఒంట్లో డోలుటెగ్రావిర్ స్థాయిని తగ్గిస్తుంది, తప్పనిసరైతే డోసు మార్చాలి. ఎముకల కోసం వేసుకునే కాల్షియం, రక్తం కోసం వేసుకునే ఐరన్ మాత్రలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనంతో పాటే రెండూ వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే కాల్షియం, ఐరన్ కంటే రెండు గంటలు ముందుగా గాని, ఆరు గంటల తర్వాత గాని డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్‌ను టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్‌తో కలిపి రోజులకు రోజులు వాడితే కిడ్నీలకు దెబ్బ.

సంగతి ఎవరికీ చెప్పదలుచుకోనివాళ్లకు ఒక మధ్యే మార్గం ఉంది. కొత్త డాక్టర్ రాసిన ఏ మందైనా వాడకముందే ఏఆర్‌టీ ఇచ్చే చోట చూపించాలి. ఇంజెక్షన్ అయితే "ఈరోజు వద్దు, మళ్లీ వస్తాను" అని వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు.

ఏది ఎంతవరకు పనిచేస్తుంది

నరాల నొప్పికి మిగతా జబ్బుల్లో పనిచేసే కొన్ని మందులు హెచ్ఐవీ నరాల నొప్పిలో చేతులెత్తేశాయి. అమిట్రిప్టిలిన్‌ను 1998లో రెండు ట్రయల్స్‌లో చూశారు, 2015లో దక్షిణాఫ్రికాలో మళ్లీ చూశారు. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగు కాలేదు. ప్రెగాబాలిన్ ట్రయల్ ఫలితం 2010లో వచ్చింది, అదీ అంతే. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా నొప్పి బాగానే తగ్గడం ఈ ట్రయల్స్‌లో మళ్లీ మళ్లీ కనపడింది. 2017 మార్గదర్శకాలు మొదటి మందుగా గాబాపెంటిన్ వాడమన్నాయి, చర్మానికి పూసే లేదా అంటించే, మిరపలోని ఘాటు పదార్థమైన కాప్సైసిన్‌నూ సూచించాయి, లామోట్రిజిన్ వద్దన్నాయి. మార్ఫిన్ తరహా మందులతో మొదలుపెట్టొద్దని చెప్పాయి. క్యాన్సర్ నొప్పి సంగతి వేరు, అక్కడ వాటికి వెనకాడకూడదు. వీటన్నిటికంటే ముందు, నరాలు మరింత పాడవకుండా ఏఆర్‌టీ తొందరగా మొదలుపెట్టడాన్నే అవి చికిత్సగా లెక్కపెట్టాయి.

అయితే ఏఆర్‌టీ ట్రయల్స్‌లో పాల్గొన్నవాళ్లలో స్త్రీలు సుమారు ఐదో వంతేనని 2016లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. కాబట్టి ఏ మందు దుష్ఫలితమైనా పుస్తకంలో "అరుదు" అని ఉన్నంత మాత్రాన స్త్రీలకు రాదని అనుకోవద్దు. గాబాపెంటిన్‌తో మగత, బరువు పెరగడం ఉంటాయి. బరువు ఇప్పటికే సమస్య అయిన మనిషి ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మందు కానిదాని గురించి కేప్‌టౌన్ దగ్గర ఖోసా తెగ స్త్రీలతో జరిగిన ఒక చిన్న ట్రయల్ ఆసక్తికరమైనది. ఒక గుంపుకు ఆరు వారాల పాటు తోటి స్త్రీలే వ్యాయామం చేయించి, నొప్పి ఎలా పనిచేస్తుందో చెప్పారు. రెండో గుంపుకు అదే సమాచారమున్న పుస్తకం చేతికిచ్చి ఊరుకున్నారు. 2016లో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపులకూ నొప్పి తగ్గింది. కొందరు దీన్ని విఫలమైన ట్రయల్ అంటారు. నేను అలా అనను. రెండు గుంపుల్లోనూ ఉమ్మడిగా జరిగినది ఒకటుంది: ఎవరో కూర్చుని వాళ్ల నొప్పి గురించి వివరంగా అడిగారు, అది ఉందని నమ్మారు. అదే కారణమని ఆ ట్రయల్ నిరూపించలేదు, కానీ అలా అడగడానికి ఖర్చేమీ కాదు.

వ్యాయామం అనగానే బరువులెత్తడం కాదు. నొప్పి ఉన్నవాళ్లలో తరచూ కనపడే తీరు ఒకటుంది: కాస్త బాగున్న రోజు మిగిలిన పనులన్నీ ఒక్కసారే చేసేసి, తర్వాత రెండు రోజులు కదలలేకపోవడం. ఫిజియోథెరపిస్టులు ముందుగా మార్పించేది దీన్నే. బాగున్న రోజైనా బాగోని రోజైనా ఒకే కొలత, ఉదాహరణకు పది నిమిషాల నడక. అది ఇబ్బంది లేకుండా సాగాక మరికొన్ని నిమిషాలు. నడక అయ్యాక అరికాళ్లు చేత్తో తడిమి, కళ్లతో చూసుకోవాలి, స్పర్శ తగ్గిన పాదం పుండు పడినా చెప్పదు. వచ్చేసారి క్లినిక్‌కు వెళ్లినప్పుడు "నొప్పి పదికి ఎంత" అని చెప్పడం కష్టంగా ఉంటే, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎంతసేపు నిలబడగలిగారు, ఏ పని మానేయాల్సి వచ్చింది అన్నవి చెప్తే చాలు. డోసు పెంచాలా, మందు మార్చాలా, నొప్పికి కారణం మొదటినుంచీ మళ్లీ వెతకాలా అన్నది డాక్టర్ వాటిని బట్టే తేల్చుకోగలరు.